చల్లటి కాళ్లను గుంజొద్దన్న సారు

మా పీఈటీ సారు పోయారని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను నల్లగొండలో బందోబస్తు డ్యూటీలో ఉన్నాను. "అక్కా, సారు లేడే" అన్నాడు, అంతే. నా ఒంటి మీది ఈ ఖాకీ ఆయన పెట్టిన భిక్ష. అది వేసుకుని నిలబడ్డ చోట ఏడవడానికి కూడా జాగా లేదు.

రిటైరైనా సారు కట్టంగూరు బడి గ్రౌండును వదల్లేదు. తెల్లవారుజామున ఫజర్ నమాజు చదివి, టోపీ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేసేవారు. పోలీసు ఉద్యోగాల కోసం ఉరికే మేమంతా అప్పటికే వరసలో ఉండాలి. ముందు వంగి కాలి వేళ్లు పట్టుకోవాలి, తొడలు గుంజుకోవాలి, ఆ తర్వాతే పరుగు. "ఏందే గట్ల వంగుతవ్, నడుముల కట్టె వెట్టుకున్నవా?" అని అరిచేవారు. నవ్వితే ఇంకో చుట్టు.

మొదటిసారి ఈవెంట్స్‌కు, అదే పోలీసు పరుగు పరీక్షలకు, వెళ్లినప్పుడు, చలిలో బస్సు దిగీ దిగగానే ఆయన నేర్పినట్టే వంగి గట్టిగా గుంజాను. సగం పరుగులో తొడ పట్టేసింది. ఉద్యోగం చేజారింది. ఇంకొక్కసారే, లేకుంటే పెళ్లేనని బాపు తేల్చేశాడు.

తొడ ఎందుకు పట్టేసిందో సారు దవాఖానలో డాక్టరును అడిగి తెలుసుకుని, నేరుగా మా అరుగు మీదికొచ్చి కూర్చున్నారు. "తప్పు నాదే బిడ్డా. సల్లటి కాళ్లను గుంజిపిచ్చిన. ఇన్నేండ్లు అందరికి గట్లనే చెప్పిన." బాపు ఎదుటే సారు అన్నారు ఆ మాట. అంత పెద్దమనిషి!

మర్నాటి నుంచి డ్రిల్లు తిరగబడింది. ముందు నడక, మెల్లగా ఉరుకుడు, ఒళ్లు వేడెక్కాక అసలు పరుగు. గుంజుకునేది చివర్లో, బడి గోడకు చేతులు ఆనించి. ముందు తనే ఆనించి చూపేవారు.

"నొప్పులు పోతయా సార్?" అని అడిగాను.

"పోతయో పోవో నాకేం ఎరుక? ఊపిరి దిగేదాక గిట్లనే నిలబడు. ఉరికొచ్చి దబ్బున కూసునుడు బంజెయ్."

రెండోసారి గ్రౌండులో అందరూ వంగి గుంజుకుంటుంటే నేనొక్కదాన్నే అటూ ఇటూ మెల్లగా ఉరికాను. పరుగు గెలిచాను. జనాన్ని ఆపిన తాడు అవతల సారు చప్పట్లు కొట్టలేదు. కూలబడబోతున్న నన్ను చూసి, లేని గోడకు రెండు చేతులూ ఆనించి చూపించారు.

ఈ పొద్దున మళ్లీ బడి గ్రౌండులో ఉరికాను. గోడ సున్నం మీద మా అందరి చేతుల మరకల కింద, పొట్టి మనిషి కదా, సారువి ఉన్నాయి. వాటి మీద నా చేతులు ఆనించి నిలబడ్డాను. ఊపిరి ఎంతకీ దిగలేదు.