చింతపండు రసంలో ఉడికిన వాల్వు

"బండి నల్లగా కక్కుతోందే. రేపు తీసుకెళ్ళి చూపిస్తా" అన్నాడు మా ఆయన.

"చూపిద్దువుగానీ, ముందా గిన్నె ఇటియ్యి, తోముకోవాలి" అన్నాను నేను.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో మేమిద్దరం అనుకున్న ఆఖరి మాటలు ఇవే. గిన్నె చేతికిచ్చాడు, లిఫ్టులో కిందికి దిగాడు, కార్‌పార్కులో బండెక్కి స్టీరింగు ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలేశాడు. ఏదైనా తీపి మాట అనుకుని ఉంటే అది తలుచుకుని ఏడ్చేదాన్ని. గిన్నె గురించి ఎంతసేపని ఏడుస్తాం? అందుకని ఏడుపు అవతల పెట్టి, ఆయన పోయాక ఆ బండికి నేను చేసిన ఘోరం చెబుతాను. మీరు నవ్వుకోండి, నేనేం అనుకోను. ఆరేళ్ళ కిందటి నన్ను తలుచుకుంటే నాకే చెంప మీద ఒకటివ్వాలనిపిస్తుంది.

నాకు చదువు అంతంతమాత్రం. సంతకం పెడతాను, బస్సు నంబరు గుర్తుపడతాను, అక్కడితో సరి. పుట్టింది పెరిగింది మలేసియా ఎస్టేటులో, మా ఇంటి తెలుగులో పావు వంతు మలాయి, ఇంకో పావు తమిళం. అందుకే నేను చెబుతుంటే మా కోడలు శైలజ రాస్తోంది. విశాఖపట్నం పిల్ల, ఇక్కడ బ్యాంకులో కంప్యూటరు ఉద్యోగం. చెప్పింది చెప్పినట్టు రాయాలని మాకు ఒప్పందం. "ఘోరం బదులు పొరపాటు అని రాయనా అత్తయ్యా?" అంటోంది. వద్దు. ఘోరమే.

మాది ఆకుల పని. తెల్లవారేసరికి హోల్‌సేల్ మార్కెట్టుకి వెళ్ళి అరటాకులు, కరివేపాకు, మల్లెపూలు ఎక్కించుకుని లిటిల్ ఇండియా షాపులకి వేయడం. ఆయన తోలేవాడు, నేను పక్కన కూర్చుని మల్లెపూలు ఒళ్ళో పెట్టుకునేదాన్ని. డీజిలు వ్యాను, మా అబ్బాయికంటే ఎక్కువ ముద్దు చేశాం దాన్ని.

పన్నెండో రోజు భోజనాలు అయ్యీ కాగానే మా మరిది అప్పలరాజు చెయ్యి కడుక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే అందరి గురించీ ఆయనే ఆలోచించేసి, ఆలోచించడం అయిపోయాక మనకి చెబుతాడు.

"బండి కొనేవాడిని చూశాను వదినా. ఇంక నువ్వు సెంగ్‌కాంగ్‌లో మా ఇంట్లో చల్లగా ఫ్యాను కింద కూర్చో" అన్నాడు.

బండి నేనే తోలతానన్నాను. పెళ్ళికి ముందే మా నాన్న లారీ మీద డ్రైవింగు నేర్చుకున్నదాన్ని, లైసెన్సు ఉంది, షాపులవాళ్ళందరికీ నా మొహం తెలుసు. మా మరిది నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశాడు.

"తోలడం వేరు, బండిని చూసుకోవడం వేరు. వచ్చే శుక్రవారం ఇన్‌స్పెక్షను. ఆ పొగతో ఎలా పాసవుద్ది?"

"పాసైతే బండి నాది. కాకపోతే నువ్వు చూసినవాడిది" అన్నాను. నలుగురి ముందూ అన్నాను, వెనక్కి తీసుకోడానికి లేదు. ఈ ఊళ్ళో బండికి పరీక్ష అంటే ఆటలు కాదు. వెనక గొట్టంలో కొలిచే గొట్టం దూర్చి, ఇంజను రంయ్యిమనిపించి, పొగ ఎంత నలుపో చూస్తారు. తప్పితే రోడ్డెక్కనివ్వరు.

సోమవారం బండిని యీషున్‌లో మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. పేరే 'ఆ సెంగ్', చీనా పెద్దాయన, ఎప్పుడూ కళ్ళజోడు నుదుటి మీదే ఉంటుంది. మా ఇద్దరికీ సంతలో మాట్లాడే మలాయి వచ్చు కాబట్టి ఇబ్బంది లేదు, అదే మీకు తెలుగులో చెబుతున్నాను. బానెట్టు ఎత్తి, లోపలినుంచి పిడికెడంత వస్తువొకటి ఊడదీసి నా ముందు పెట్టాడు.

"ఇది వాల్వు, ఆంటీ. ఇంజను వదిలిన పొగలో కొంచెం మళ్ళీ ఇంజనులోకే పంపించే తలుపు. మసి పట్టి తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. దాని పొగ అదే మింగుతోంది, అందుకే కక్కుతోంది."

కొత్తది రావడానికి పది రోజులు పడుతుందట. శుభ్రం చేద్దామంటే ఆయనకి ఈ వారం ఊపిరి తీసుకునే తీరిక లేదట. నేను దాని వంక చూశాను. రెండు వేళ్ళ మందాన మసి. అప్పుడు నా తలలో దీపం వెలిగింది. ఆ దీపం ఎవరైనా ఊదేసి ఉంటే బాగుండేది.

ఎస్టేటులో కట్టెల పొయ్యి మీద వండిన గిన్నెలు పదేళ్ళప్పటినుంచి తోమినదాన్ని నేను. నల్లటి డేగిసాలు ఎన్నిటినో అద్దంలా చేశాను, ఈ పిడికెడు ఇనుము ఎంత?

"నువ్వు వాల్వులు ఎక్కువ చూశావేమో, మసి నేనే ఎక్కువ చూశాను. ఇటియ్యి" అన్నాను.

ఆయన ఇచ్చాడు. నేను దాన్ని టిఫిన్ క్యారియరులో పెడుతుంటే, వెనకున్న నల్ల డబ్బా సంగతి జాగ్రత్త అని ఏదో చెప్పబోయాడు. నేను అప్పటికే మూత వేసేశాను. క్యారియరుదీ, చెవులదీ.

బస్సులో పక్క సీటు మలాయి ఆవిడ ముక్కు ఎగబీల్చి, ఇవాళ మకాన్, అంటే తిండి, ఏమిటని అడిగింది. తినే వేళ కదా పాపం. చాలా కారం కూర అన్నాను. ఆవిడ లేచి వెళ్ళి ఇంకో సీట్లో కూర్చుంది.

ఇంటికొచ్చి పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, నిమ్మకాయంత కాదు, కొబ్బరికాయంత చింతపండు పిసికి, గుప్పెడు కల్లుప్పు వేసి, అందులో వాల్వుని ముంచి పొయ్యి మీద పెట్టాను. ముంచడమంటే మొత్తం. తల, తోక, నల్ల డబ్బా, వైరు తగిలించే చోటు, ఏదీ వదల్లేదు. తలంటు పోసేటప్పుడు పిల్లాడి చెవులు వదిలేస్తామా? అలాగే అనుకున్నాను.

గిన్నె తెర్లుతుండగా ఆఫీసునుంచి ఈ పిల్లే, ఇప్పుడు పెన్ను పట్టుకున్న ఈ పిల్లే, వచ్చింది. "సాంబారా అత్తయ్యా, భలే వాసన" అంటూ మూత తీసి, గరిటెతో కాస్త తీసుకుని ఊదుకుంటోంది. గరిటె లాక్కున్నాను కాబట్టి ఇవాళ మనకి కోడలు మిగిలింది. ఇది రాయనంటోంది. రాయమ్మా.

మూడుసార్లు ఉడకబెట్టి, మూడుసార్లు కొబ్బరిపీచుతో తోమాను. పూజగదిలో గంట దాని పక్కన వెలవెలబోయింది. నేను మూసేసిన కుంకుమభరిణె తెరిచి, ఆయన పేరు మనసులో అనుకుని వాల్వుకి బొట్టు పెట్టాను. అరటాకులో చుట్టి బుధవారం పొద్దున్నే యీషున్‌కి బయల్దేరాను, చంటిబిడ్డని గుడికి తీసుకెళ్తున్నట్టు.

ఆ సెంగ్ ఆకు విప్పాడు. నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదకి దించాడు. వాసన చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. నల్ల డబ్బాలోంచి ఎర్రటి నీళ్ళు బొట్టుబొట్టుగా ఆయన చెప్పు మీద పడ్డాయి.

"ఆంటీ, దీన్ని వండావా?"

"ఉడికిస్తేనే కదా మసి ఊడేది."

"ఈ డబ్బా మోటారు. దీన్లోకి కరెంటు వెళ్ళాలి."

"ఇప్పుడేం వెళ్ళింది?"

"కూర" అన్నాడు.

ఆరితే పనిచేస్తుందేమో, బిగించి చూడమని నేనే పట్టుబట్టాను. ఎండలో పెట్టి, బిగించి, నన్ను స్టార్టు చేయమన్నాడు. తాళం తిప్పాను. బండి పూనకం వచ్చినట్టు ఊగింది. వెనకనుంచి నలుపు వచ్చింది చూడండి, అంతకుముందు వచ్చిందంతా దీని ముందు అగరుబత్తి పొగ. సందు సందంతా చీకటి. ఎదురు షాపువాడు మంటలార్పే సిలిండరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇంకొకడు దారి కనపడక తన షాపు అనుకుని ఆ సెంగ్ షాపులోకి వచ్చేశాడు.

సరిగ్గా అప్పుడే ఫోను. మా మరిది.

"బండి ఎలా ఉంది వదినా?"

"తిరగమోత వేస్తున్నాను, మళ్ళీ చెయ్యి" అని పెట్టేశాను.

కిందికి దిగి ఒక పాత టైరు మీద కూర్చున్నాను. పన్నెండు రోజులూ అందరూ వచ్చి ఏడవమంటే ఏడుపు రాలేదు. అక్కడ, ఆ టైరు మీద, మసి మొహంతో వచ్చేలా ఉంది. ఆయన చివరిగా చేద్దామనుకున్న పని అది. అది నా చేతికొస్తే రెండు రోజుల్లో పులుసు చేశాను. ఇంక ఫ్యానే గతి. అప్పలరాజు నా మంచం కూడా ఫ్యాను కిందకి జరిపిస్తాడు.

ఆ సెంగ్ నా వంక చూడలేదు. వాల్వు మళ్ళీ విప్పి, లోపలి తలుపుని వేలితో నొక్కాడు. అది వెన్నలో జారినట్టు జారింది. మళ్ళీ నొక్కాడు. "ముప్ఫై ఏళ్ళలో నేనెప్పుడూ ఇంత శుభ్రంగా తీయలేదు" అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళి, పాత ఇనుప సామాను గుట్టలోంచి ఇదే రకం బండిది ఇంకో వాల్వు తెచ్చాడు. దాని ఇనుము తుప్పుపట్టి బిగుసుకుపోయింది, మోటారు మాత్రం బతికే ఉంది. నాలుగు మరలు విప్పి, దాని డబ్బా తీసి నా ఇనుముకి బిగించాడు. వినాయకుడికి చేసిన పనే. ఒళ్ళు మాది, తల వేరేవాళ్ళది, దేవుడు మాత్రం నిలబడ్డాడు.

తాళం తిప్పాను. బండి మా ఆయన మధ్యాహ్నం పూట నిద్రపోయినట్టు, సన్నగా గుర్రు పెట్టింది.

శుక్రవారం ఇన్‌స్పెక్షనుకి అప్పలరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కొనేవాడు ఫోనులో కాచుకుని ఉన్నాడట. అద్దం వెనక ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. లోపల కుర్ర ఇన్‌స్పెక్టరు వెనక గొట్టంలో గొట్టం పెట్టి ఇంజనుని గట్టిగా అరిపించాడు. మా మరిది ముందుజాగ్రత్తగా జేబురుమాలు తీసి ముక్కుకి పెట్టుకున్నాడు. పొగ రాలేదు. ఇంకోసారి అరిపించాడు. రాలేదు. మా మరిది అలాగే నిలబడ్డాడు, ఎవరో చచ్చిన ఎలుక ఉందని చెబితే నమ్మినవాడిలా.

కాగితం నా చేతికిచ్చారు. నేను దాన్ని తిన్నగా మరిది చేతిలో పెట్టాను.

"నాకు చదువు రాదు కదా అప్పలరాజూ, ఏం రాశారో చెప్పు."

చాలాసేపు చూశాడు. "పాస్" అన్నాడు.

"వినపడలేదు."

"పాసైంది వదినా."

"ఆ మాటే కొనేవాడికి ఫోను చేసి చెప్పు" అన్నాను. చెప్పాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. బండి తాళం తిప్పి, ఎక్కు, దారిలో దింపుతానన్నాను. మల్లెపూల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు పాపం, సెంగ్‌కాంగ్ దాకా.

రెండు నెలల తర్వాత ఆయిలు మార్పించడానికి యీషున్ వెళితే, ఆ సెంగ్ షాపులో అరమీద ఎర్రటి నీళ్ళ సీసాలు వరసగా ఉన్నాయి. డీజిలు కారులో వచ్చిన టై కట్టుకున్న దొరగారొకడు, అదేమిటని అడుగుతున్నాడు. "స్పెషల్ కెమికల్. చాలా స్ట్రాంగ్. ఇండియాది" అంటున్నాడు మా పెద్దాయన, మొహంలో ఒక్క గీత కదలకుండా. కారాయన వెళ్ళిపోయాక నా దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"ఆంటీ, ఉప్పు ఎంత వేశావు?"

నేను చేత్తో వేస్తాను, చెంచాతో కాదు, చెబితే వచ్చేది కాదన్నాను.

ఇప్పటికీ ఆ బండి నేనే తోలుతున్నాను. మా ఇంటి దేవుడి మీద, ఈ ఊరి రోడ్ల మీద, ఆగిపోని ఆ వాల్వు మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను: వైరు ఉన్న ఏ వస్తువునీ ఇంక ఈ జన్మలో చింతపండు రసంలో ముంచను. మిక్సీ ఎంత జిడ్డు పట్టినా సరే, ముంచను. మా మరిదికి వైరు లేదు కాబట్టి ఈ ఒట్టు ఆయనకి వర్తించదు.

అంతేనమ్మా శైలూ. పెన్ను అలా పెట్టి మొదట్నుంచి ఒకసారి చదివి వినిపించు. మధ్యలో నవ్వావంటే మళ్ళీ మొదలెట్టాలి, ముందే చెబుతున్నా.