టోపీకి పిన్ను

కొల్లేటి గాలికి చెల్లెలి తాటాకు టోపీ ఎగిరినప్పుడల్లా నేను గట్టు మీద లేచి నిలబడేవాణ్ణి. తను దోనె మీద నిలబడి చేపల చెరువులో మేత చల్లుతుంది. టోపీ కోసం చెయ్యి చాస్తే దోనె ఒరుగుతుంది. తనకు ఈత రాదు. గడ్డం కింద తాడు కడితే ఒరుసుకుంటోందని విప్పేస్తుంది.

అందుకే పాత సైకిల్ చక్రం ఊచను సానపట్టి, టోపీలోంచి కొప్పులోకి దిగే పొడవాటి పిన్ను చేశాను. మొనకు రబ్బరు బిరడా పెట్టాను. తీసుకువెళ్ళేసరికి చెల్లెలు గుండుతో ఎదురొచ్చింది. ద్వారకా తిరుమలలో తలనీలాలు ఇచ్చిందట.

"నీళ్ళలో పడకుండా చూడమని మొక్కుకున్నానన్నయ్యా."

"మొక్కు టోపీని పట్టుకుంటుందా?"

"మరి నీ పిన్ను దేన్ని పట్టుకుంటుంది, నా పుర్రెనా?"

మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో వాదించినవాణ్ణి. ఈసారి వాదన మాని తువ్వాలు తెమ్మన్నాను. ఆ మొక్కూ, ఈ పిన్నూ ఒకే భయానికి పుట్టాయి మరి.

తలకు తువ్వాలు బిగించి వెనక ముడి వేయించాను. టోపీనీ ముడినీ కలిపి పిన్ను అడ్డంగా గుచ్చాను. దోనె నడిచెరువుకు వెళ్ళాక గాలి లేచింది. టోపీ కదల్లేదు. అయినా అలవాటు కొద్దీ తన చెయ్యి పైకి లేచింది, దోనె ఒరిగింది.

"చెయ్యి దించమ్మా, టోపీ ఉందిలే," అని గట్టు మీంచి అరిచాను.

దించింది. మేత అయిపోయేదాకా అలా అరుస్తూనే ఉన్నాను.