చచ్చిన రాజు చెప్పులు

దయ్యాల కథలు చాలా దేశాలవి చదివాను. పాతిపెట్టిన నిధి చెప్పేవి, పగ తీర్చమనేవి, దాహమనేవి ఎన్నో తగిలాయి. ఊరికే నవ్విపోయే దయ్యం మాత్రం ఏ పుస్తకంలోనూ తగల్లేదు. దాని సంగతి నాకు తాతగొంతు చెప్పాడు.

తాతగొంతు డబ్బింగ్ కళాకారుడు. పాతికేళ్ల వయసులోనే ముసలివాళ్లకు గొంతిచ్చి ఆ పేరు తెచ్చుకున్నాడు. చిత్రమేమంటే, నిజంగా ముసలివాడయ్యాక కూడా ఆ గొంతు కోసం పీక బిగించాల్సి వచ్చేది. ఆయన భార్యను స్టూడియోలో నవ్వులక్క అనేవారు. బొమ్మల సినిమాల్లో రాణుల నవ్వులూ, మంత్రగత్తెల నవ్వులూ ఆవిడవే. నవ్వి, చివర వేడి టీ చప్పరించినట్టు చిన్నగా ఊపిరి లాక్కునేది. ఆవిడ పోయాక ఆయన ఇంట్లోంచి టీవీ తీసేశాడు. పని మాత్రం మానలేదు.

ఆ స్టూడియోలో నవ్వులూ దగ్గులూ ఏడుపులూ ముందే తీసి కంప్యూటర్లో నిల్వ ఉంచుతారు. వాటికి రకం పేరే గాని మనిషి పేరుండదు.

గొప్ప గ్రంథాలను వారానికొకటి ఆటపట్టించే బొమ్మల హాస్య సీరియల్ ఒకటి డబ్బింగ్‌కి వచ్చింది. ఆ వారం వంతు పాత విషాద నాటకాలది. చచ్చిన రాజు అర్ధరాత్రి తిరిగొస్తాడు. పగ కోసం కాదు, చెప్పుల కోసం. రాజు గొంతు తాతగొంతుది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, "నా చెప్పులెక్కడ పెట్టావే?" అన్నాడు. చెవిలో రాణి నవ్వింది. చివర ఆ ఊపిరి.

ఆయన హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు.

అద్దం అవతల దర్శకురాలికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "చూసుకోలేదు బాబాయ్. వేరేది వేస్తాం."

"ఎన్నిట్లో వేశారమ్మా ఇది?"

ఆమె తల దించుకుంది. "బొమ్మల్లో నక్కలక్కూడా వేశాం. మీరు ఊఁ అంటే నిల్వలోంచే తుడిపించేస్తా. ఇంకెక్కడా మిగల్దు మరి, ఆలోచించుకోండి."

ఆయన ఆలోచించలేదు. "ముందు ఇంకోసారి వెయ్యి," అన్నాడు.

ఈసారి పీక బిగించలేదు. ఇంట్లో అడిగినట్టే అడిగాడు. రాణి నవ్వింది. మళ్లీ అడిగాడు, విసుగ్గా. తర్వాత బతిమాలుతూ. తర్వాత దాదాపు గుసగుసగా.

"మొదటిదే బాగుంది బాబాయ్, చాలు."

"నాది బాగానే ఉందమ్మా. ఎలా అడిగినా ఆవిడే ఒకలాగే నవ్వుతోంది."

ఆయన నీళ్లు తాగి, గ్లాసు మీద మూత పెట్టాడు.

"ఇందులో ఉంచండి. ఇక్కడ నన్ను చూసి నవ్వుతోంది, పర్లేదు. నిల్వలోంచి తీసెయ్యండి. నక్కలకొద్దు."

తీసేశారు. ఆ భాగం టీవీలో ఇప్పటికీ వేస్తూనే ఉంటారు. పక్కింటి గోడ అవతల ముందు ఆవిడ నవ్వుతుంది, తర్వాత పిల్లలు నవ్వుతారు. అంతసేపూ ఆయన చేతిలో పని ఆపి, గోడవైపు చూస్తూ ఉంటాడు. పిల్లల నవ్వు ఆగినా చాలాసేపు అలాగే ఉంటాడు.