మధ్య నాబ్ మీద కుంకుమ బొట్టు

పోయిన ఆదివారం పొద్దున్నే మా బావ ఫోన్ చేసి, కూతురికి గిటార్ యాంప్లిఫయర్ కొనాలి, నువ్వు లేకుండా ఎట్ల కొంటం, తయారై ఉండు అంటే, చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ముగ్గురం ఒకే ఆటోలో ఇరుక్కుని వెళ్ళాం. బావ మా మేనత్త కొడుకు, నాకంటే ఏడాదిన్నర పెద్ద. అతని కూతురు ఇంజనీరింగ్ చదువుతూ, తీరిక దొరికితే నలుగురు స్నేహితులతో కలిసి హెవీ మెటల్ వాయిస్తుంది. నన్ను మామా అంటుంది. షాపులో అడుగు పెట్టిన పావుగంటలో ఆ పిల్ల ఆరు యాంప్లిఫయర్లకు వైరు తగిలించి, ఒకదాని గరగర పలచగా ఉందనీ, ఇంకొకదానికి కింది తీగ ముద్దముద్దగా పలుకుతోందనీ, కూరగాయలు ఏరినంత తేలిగ్గా పక్కన పెట్టేస్తుంటే, సలహా ఇవ్వడానికి వచ్చిన నేను స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాను.

నాకు అసూయ కలిగింది. ఈ వయసులో మేనకోడలు వరస పిల్లను చూసి కుళ్ళుకోవడమేమిటని మీరు నవ్వినా సరే, మా రోజుల్లో ఆ సదుపాయంలో పదో వంతు ఉన్నా నేనేమయ్యేవాడినో అనిపించింది. నిజం చెప్పాలంటే ఈ రోగం నాకు కొత్తది కాదు, మొదట అంటుకున్నది ఆ పిల్ల తండ్రి మీదే.

మా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో విదేశీ పాటలు కావాలంటే ఖాళీ క్యాసెట్టు పట్టుకుని రికార్డింగ్ షాపుకి వెళ్ళి, చీటీ మీద రాసిచ్చి, వారం తర్వాత తెచ్చుకునేవాళ్ళం. షాపువాడి దగ్గర ఉన్నదే కాపీ, దాన్ని మేం ఒకరి నుంచి ఒకరం మళ్ళీ కాపీ చేసుకునేవాళ్ళం, చివరికి మా చేతికొచ్చేసరికి గిటార్లో అసలు కండంతా అరిగిపోయి, కింద ఒక గుంగుం, పైన ఒక బుసబుస మాత్రం మిగిలేవి. హెవీ మెటల్ అంటే అదేనని నమ్మి, ఆ అరిగిపోయిన శబ్దాన్నే ప్రాణంగా ప్రేమించాం.

నాకు మాత్రం ఒక అదృష్టం ఉండేది. మా తాతగారి కాలం నాటి వాల్వు రేడియోకి వెనక గ్రామఫోన్ తగిలించుకునే రెండు రంధ్రాలు ఉండేవి. ఆర్కెస్ట్రా మానేసిన ఒకాయన దగ్గర దొరికిన పాత ఎలక్ట్రిక్ గిటార్‌ను నేను అందులోకి గుచ్చి, రేడియో గొంతు పూర్తిగా పెంచితే, ఆ చిన్న పెట్టె గీపెట్టి, గొంతు చించుకుని, ఎంతో కమ్మగా గర్జించేది. దానికి లోతైన బేస్ లేదు, సన్నటి మెరుపూ లేదు, ఉన్నదంతా మధ్యలో ఉండే ఆ ముక్కు గొంతే. కానీ వంటింట్లో కుక్కరు కూత పెడుతున్నా, మా అమ్మ నన్ను తిడుతున్నా, ఒక్క స్వరం మునిగేది కాదు. పదిమంది మధ్య గిటార్ వినిపించాలంటే ఆ మధ్య గొంతే కావాలని ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసుకున్నాను. ఆ సంగతి మా వీధిలో నాకొక్కడికే తెలుసని మహా గర్వంగా ఉండేది.

అలాంటి రోజుల్లో బావకు యాంప్లిఫయర్ కొనడానికి మామయ్య ఒప్పుకున్నాడు. బావ మా స్నేహితుల బృందంలో గిటారిస్టు, నేను లేని బృందం అన్నమాట, ఎందుకంటే రేడియోను వేదిక మీదికి మోసుకొచ్చేవాడిని ఎవరూ చేర్చుకోరు. వేళ్ళు నావి చురుకైనవి, సరంజామా అతనిది. అది నాకు ఎంత కష్టంగా ఉండేదో, నవ్వుతూ అతని పక్కన తిరగడానికి ఎంత ఓపిక పట్టేవాడినో నాకే తెలుసు. చెవులున్నవాడివి నువ్వే ఏరిపెట్టాలి అని బావ నన్ను ఇదే నారాయణగూడకు వెంటబెట్టుకుని వచ్చాడు.

ఇప్పటి షాపు కాదు, అప్పటిది ఇరుకైన గది. హార్మోనియంల వెనక రెండే యాంప్లిఫయర్లు ఉండేవి. ఒకటి పాటలకు పనికొచ్చే మెత్తని పెట్టె. రెండోది ఎవరో వాడి అమ్మేసిన హై గెయిన్ రకం, అంటే చిన్న తీగ మోతను కూడా ఉరుముగా పెంచేది. నేను రెండోదానికి గిటార్ తగిలించి, బేస్, మిడిల్, ట్రెబుల్ అని రాసి ఉన్న మూడు నాబ్‌లలో మధ్యదాన్ని కాస్త పైకి తిప్పి ఒక్క దెబ్బ వేశాను. మా రేడియో గొంతే, కానీ రేడియో పెరిగి పెద్దదై, మీసాలు తిప్పుకుని వచ్చినట్టుంది. నేను కలలో విన్న శబ్దం నా చేతుల్లోంచి వచ్చింది, అది రేపట్నుంచి బావ ఇంట్లో ఉంటుంది.

అప్పుడు నేను చేసిన పని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మధ్య నాబ్‌ను సున్నాకి తిప్పేసి, బేస్, ట్రెబుల్ రెండూ పూర్తిగా పెంచి, గిటార్ బావ చేతికిచ్చాను. ఆ చిన్న గదిలో అతనొక్కడే వాయిస్తుంటే అచ్చంగా మా అరిగిపోయిన క్యాసెట్టులాగే మోగింది. బావ ముఖం వెలిగిపోయింది.

"ఇదే బామ్మర్దీ! క్యాసెట్ల ఉన్నట్టే ఉంది. ఇంక దీన్ని ఎవ్వరూ ముట్టుకోవద్దు."

అతనికి నచ్చిందే ఇచ్చాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధమని కూడా నాకు అప్పుడే తెలుసు.

ఇంటికి తేగానే మేనత్త కొబ్బరికాయ కొట్టి, కొత్త స్కూటరుకు చేసినట్టే ఆ పెట్టెకు పసుపు రాసి బొట్లు పెట్టింది. బావ ఆ కుంకుమ భరిణె తీసుకుని, నేను తిప్పిపెట్టిన చోట్లు మరిచిపోకుండా, ఒక్కో నాబ్ గీత ఎదురుగా ఒక్కో బొట్టు పెట్టాడు. మధ్య నాబ్‌కి సున్నా దగ్గర బొట్టు పడింది. పూజ చేసిన పెట్టె మీద బొట్టు దాటించి నాబ్ తిప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంటుంది? సాధన చేసినన్ని రోజులూ అనుమానం రాలేదు, ఎందుకంటే డ్రమ్స్ వాయించే కుర్రాడు ఇరుగుపొరుగు తిడతారని ప్లాస్టిక్ స్టూలు బోర్లించి దాని మీదే దరువు వేసేవాడు. అసలు డ్రమ్స్ కిరాయికి వచ్చింది పోటీ రోజునే.

కాలేజీల మధ్య జరిగిన ఆ పోటీకి హాలు నిండిపోయింది. డ్రమ్స్ మొదలయ్యాయి, బేస్ గిటార్ అందుకుంది, మా బావ గిటార్ మాయమైపోయింది. చేతులు ఆడుతున్నాయి, చెమటలు కారుతున్నాయి, శబ్దం లేదు. వెనక వరసలోంచి ఎవడో, "అన్నా, వాయిస్తున్నవా, గోక్కుంటున్నవా?" అని అరిస్తే హాలంతా గొల్లుమంది. బావ యాంప్లిఫయర్ గొంతు పెంచితే గుంగుం పెరిగింది తప్ప స్వరం పైకి రాలేదు. నేను వేదిక పక్క మెట్ల మీదే ఉన్నాను. రెండడుగులు వేసి ఒక్క నాబ్ తిప్పితే సరిపోయేది. బావ నా వైపే చూశాడు, నా చెవుల మీద అంత నమ్మకం. నాకేమీ అర్థం కావడం లేదన్నట్టు చేతులు తిప్పి చూపించాను.

అతను ఓడిపోతే నాకు సంతోషంగా ఉంటుందనుకున్నాను, కొంచెం ఉంది కూడా. ఆ సంతోషం ఒక్క పూటైనా నిలవలేదు, ఎందుకంటే మర్నాడు పొద్దున్నే బావ ఆ యాంప్లిఫయర్‌ను రిక్షాలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"తప్పు డబ్బాది కాదు, నా చేతులది. నాకు రాదు బామ్మర్దీ. నువ్వు తీస్కో, నువ్వే వాయించు."

ఎంత బతిమాలినా వెనక్కి తీసుకెళ్ళలేదు. బతిమాలాను, నిజమే, కానీ నాబ్ సంగతి మాత్రం చెప్పలేదు. అతను గుమ్మం దాటగానే తడిగుడ్డతో మధ్య నాబ్ దగ్గరి కుంకుమ బొట్టు తుడిచి, దాన్ని పైకి తిప్పి వాయించాను. ఇల్లంతా దద్దరిల్లింది. ఆ బృందంలో అతని స్థానంలో నేను మూడేళ్ళు వాయించాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను, ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా కొట్టింది బావే. అతను మళ్ళీ గిటార్ పట్టలేదు. తర్వాత నాకు ఉద్యోగం వచ్చి, నేనూ మానేశాను.

మొన్న షాపులో అమ్మే కుర్రాడు ఆ పిల్లను మెప్పించాలని మధ్య నాబ్‌ను సున్నాకి తిప్పి, ఇప్పుడు వినండి మేడం అన్నాడు. నాకు మంచినీళ్ళు పొలమారాయి. ఆ పిల్ల నవ్వి, నాబ్‌ను మళ్ళీ పైకి తిప్పింది.

"అట్ల వద్దన్నా. ఈడ ఒక్కదాన్నే వాయిస్తే మస్తుగుంటది, డ్రమ్స్ మొదలైనంక ఒక్క నోటు వినిపియ్యది. అందరికీ తెలిసిందే కదా."

బావ ఆ నాబ్ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. అతను నా భుజం మీద చెయ్యి వేశాడు.

"చూసినవా బామ్మర్దీ, గింతే ఉండె. అప్పట్ల మనకు చెప్పేటోడు ఎవడున్నడు?"

అవును బావా అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్లు వదిలిన వేళ కావడంతో ఆటో కదలలేదు. పుస్తకాల సంచులతో పిల్లలు మా రెండు పక్కల నుంచీ ప్రవాహంలా పోతున్నారు. చెప్పడానికి చాలినంత సమయం ఉంది, ఒడిలో యాంప్లిఫయర్ పెట్టుకుని బావ నా పక్కనే కూర్చున్నాడు. రెండుసార్లు నోరు తెరిచి, ఎండ మండిపోతోందని ఒకసారి, ఈ ట్రాఫిక్ మారదని ఒకసారి అన్నాను.

మా కాలంలో తెలిసినవాడు నోరు మూసుకుంటే తెలియనివాడి బతుకులో ఒక ముచ్చట అక్కడితో ఆగిపోయేది. ఈ పిల్లలకు ఆ గండం లేదు, నాలాంటి మామ చెవుల మీద ఆధారపడే ఖర్మ లేదు, అందుకు వాళ్ళను చూస్తే ఇప్పటికీ కుళ్ళుగానే ఉంది. కానీ ఆటోలో ఆ రోజు నేను కుళ్ళుకున్నది ఆ పిల్లను చూసి కాదు. ఇన్నేళ్ళూ తన చేతులే పనికిరానివని నమ్మి కూడా, యాంప్లిఫయర్ కొనాలనగానే మొదట నాకే ఫోన్ చేసిన మా బావను చూసి. నేను ఏ మనిషినీ అలా నమ్మలేదు.