పుస్తకంలో అలా లేదు

పెదమామయ్య సినిమా చూడడు, తనిఖీ చేస్తాడు. రైళ్లలో టికెట్లు చూసి రిటైరయిన మనిషి మరి, తెర మీద ఎవరు కనిపించినా వదలడు.

ఏడాది చివరి సెలవుల్లో ఆ ఇంటిల్లిపాదీ కలిసి ఒకే పాత సినిమా చూస్తారు. ఏదో గొప్ప నవలను సినిమాగా తీశారట. ఓడ మునిగి తప్పిపోయిన నావికుడు సరిగ్గా సెలవులనాటికి ఇల్లు చేరతాడు. ఎన్నిసార్లు చూసినా చేరతాడు. అయినా అందరూ ఏడుస్తారు. పెదమామయ్యకు మాత్రం ఏడవడానికి తీరికుండదు.

కొత్తకోడలు ఆ ఇంట్లో మొదటిసారి ఆ సినిమా చూసిన రోజున, పేర్లు పడటం అయిందో లేదో ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పుస్తకంలో ఆ పిల్లది ఆకుపచ్చ కోటు. వీళ్లేమో ఎర్రకోటు తొడిగి కిటికీ దగ్గర నిలబెట్టారు."

"ఉష్!" అన్నారందరూ.

"కుక్క తోకాడిస్తూ తలుపు దగ్గరికి పరిగెడుతోంది. పుస్తకంలో అసలు కుక్కే లేదు."

"పాపం, ఆ కుక్క మిమ్మల్నేం చేసింది మామయ్యగారూ?"

"నన్నేం చెయ్యలేదమ్మాయ్. రచయితకి ద్రోహం చేసింది."

నావికుడి గడ్డం పుస్తకంలో అంత పొడవు లేదని ఆయన అనేసరికి కోడలికి వస్తున్న ఏడుపు కాస్తా వెనక్కి పోయింది.

మరుసటి ఏడు పెద్దత్తయ్య మొగుడికి ముందే తేల్చి చెప్పింది. "ఈసారి నోరు విప్పారో, వంటింట్లో కూర్చోబెడతాను."

"కుక్క గురించి ఒక్క ముక్క..."

"కుక్క గురించి కూడా వద్దు."

ఆయన ఎప్పటిలాగే తన తల్లి బామ్మ పక్కన చేరి, దిండు ఒళ్లో పెట్టుకుని, పెదవులు బిగించి కూర్చున్నాడు. సినిమా హాయిగా సాగింది. నావికుడు తిరిగొచ్చే ఘట్టంలో మాటలుండవు. గదిలో ముక్కులు ఎగబీల్చడం తప్ప చప్పుడు లేదు.

"ఒరేయ్, ఆగిపోయిందా?" అంది బామ్మ మెల్లగా.

అటుపక్కన కూర్చున్న కోడలు తలతిప్పి చూసింది. బామ్మ చూపు టీవీ మీద లేదు, పక్కనున్న గోడ మీద ఉంది. బామ్మ తనకు చూపు తగ్గిందని చస్తే ఒప్పుకోదు. తలుపుకు గుద్దుకుంటే, ఎవరు ఓరగా వేశారని ఇల్లంతా కేకలేస్తుంది. ఎర్రకోటు, కుక్క తోక, గడ్డం... పెదమామయ్య ఇన్నాళ్లూ ఎవరికి చెబుతున్నాడో కోడలికి అప్పుడర్థమైంది. ఆయన దిండు నలుపుతూ పెళ్లాం వంక దీనంగా చూస్తున్నాడు.

కోడలు గొంతు సవరించుకుంది.

"పుస్తకంలో నావికుడు పెరటి గుమ్మంలోంచి వస్తాడు. ఇక్కడేమో వీధి గుమ్మంలో తడిసి ముద్దై నిలబడ్డాడు. కూతురు ఇంకా చూళ్లేదు... చూసింది! పరిగెత్తుతోంది!"

"వచ్చేశాడా!" అంటూ బామ్మ చెంగుతో కళ్లొత్తుకుంది.

"నీక్కూడా అంటుకుందా?" అన్నాడు కోడలి మొగుడు విసుగ్గా.

పెదమామయ్య బామ్మ వెనకనుంచి కోడలివైపు వంగాడు.

"పుస్తకం చదివావా అమ్మాయ్?"

"లేదు మామయ్యగారూ."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నేనూ చదవలేదు. నువ్వు కూడా చదవకు. చదివితే ఇన్ని తప్పులు దొరకవు."