డిష్ వైరూ, అత్తయ్య సాక్ష్యమూ

మా అత్తయ్య గొంతు తిరిగి రావడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ గొంతు మళ్ళీ నొక్కేయడానికి నాకు ఒక్క శనివారం సాయంత్రం సరిపోయింది. కంగారు పడకండి, ఆవిడ క్షేమంగానే ఉన్నారు. మొన్న కూడా నేను హాల్లోకి రావడం చూసి టీవీ రిమోట్ చటుక్కున కొంగు కింద దాచుకున్నారు. ఎందుకు దాచుకున్నారో చెబితే నా పరువు ఇంకొంచెం పోతుంది. పోనివ్వండి, మిగిలింది మాత్రం ఏమంత ఉందని!

మాది విజయవాడ పటమటలో అత్తయ్యగారి ఇల్లు. కింద ఆవిడ, మేడ మీద నేనూ నా భార్య కరుణా. ఇంటర్నెట్ డబ్బా ఉండేది కింద హాల్లో, నేను ఉద్యోగం చేసేది పైగదిలో. మధ్యలో, పోయిన మా మామగారు దగ్గరుండి పోయించిన శ్లాబు. ఆయన బతికి ఉండగా ఆయన్ను దాటి ఎవరూ ఏమీ చేయలేకపోయారట. ఆ శ్లాబును దాటి వైఫై కూడా పైకి రాలేకపోయేది. ఆఫీసు మీటింగుల్లో నేనెప్పుడూ నోరు సగం తెరిచి, కళ్ళు సగం మూసి, కదలకుండా కనిపించేవాణ్ణి. నా ముఖం ఇంకో రకంగా కూడా ఉంటుందని మా మేనేజరుకు తెలియదు.

"అత్తయ్యా, కింద నుంచి పైకి ఒక కొత్త వైరు లాగిద్దామనుకుంటున్నా," అన్నాను ఒకరోజు.

"ఎక్కణ్ణించి లాగుతారు బాబూ?"

"ఏముంది, గోడకి ఒక చిన్న బెజ్జం..."

"బెజ్జమా! మొన్న క్రిస్మస్‌కేగా రంగులేయించాం! పండగ స్టారు కట్టడానిక్కూడా మేకు కొట్టనివ్వలేదు నేను. మీరేమో బెజ్జం అంటన్నారు!"

అలా ఆ దారి మూసుకుపోయింది. అప్పుడే నాకు ఒక సంగతి తెలిసింది. ఇంట్లో ఇప్పటికే ఉన్న టీవీ వైరులోనే ఇంటర్నెట్టును కూడా పంపే జంట డబ్బాలు దొరుకుతాయట. ఒకటి కింద పెట్టి, ఒకటి పైన పెడితే చాలు. మా టీవీ వైరు మేడ మీద నుంచి నా గదిలోంచే కింద హాల్లోకి దిగుతుంది. బెజ్జం అక్కర్లేదు, మేకు అక్కర్లేదు. నా తెలివికి నాకే ముచ్చటేసింది. గవర్నర్‌పేటలో ఒక షాపుకు వెళ్ళి అడిగాను.

"ఇది డిష్ వైరు మీద పనిచేస్తుందాండీ?"

"డిష్ వైరు మీదే సార్ పనిచేసేది! మా ఇంట్లో కూడా డిష్ వైరుకే పెట్టా. టీవీకి టీవీ, నెట్టుకి నెట్టు!"

ఈ 'డిష్ వైరు' అనే మాటను కాస్త గుర్తు పెట్టుకోండి. నా పాపం అందులోనే ఉంది.

ఇక అత్తయ్య గొంతు సంగతి. ఆవిడకు గొంతుకు ఆపరేషన్ జరిగింది. మాట రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నారు డాక్టర్లు. నెలల తరబడి మమ్మల్ని చప్పట్లు కొట్టి పిలిచేవారు. చివరికి మాట వచ్చింది, కాస్త బొంగురుగా. మా సంఘంలో ఎవరికైనా మేలు జరిగితే నలుగురిలో నిలబడి ఆ సంగతి చెబుతారు. దాన్నే సాక్ష్యం అంటారు. అత్తయ్య సాక్ష్యం విని పాస్టరుగారు ఎంత కదిలిపోయారంటే, ఒక చిన్న టీవీ చానల్ వాళ్ళతో మాట్లాడి రికార్డు చేయించారు. ఆదివారం మధ్యాహ్నం ప్రసారం. ఒక్కసారే వేస్తారు.

"ఏం చెప్పారత్తయ్యా టీవీలో?" అని అడిగాను.

"చూస్తారుగా! అందులో ఒక ముక్క ఉంది. అది మాత్రం టీవీలోనే వినాలి మీరు."

ఆ ముక్క ఏమిటో కన్నకూతురికి కూడా చెప్పలేదు. స్త్రీల సమాజం వాళ్ళందర్నీ చికెన్ పలావుకు పిలిచేశారు. మాట పోతుందేమోనని భయపడిన మనిషి, తన మాటను నలుగురితో కలిసి వినాలని ఎదురుచూస్తున్నారు. అది తెలిసి కూడా నేను ఆ ముందురోజు సాయంత్రం కటింగ్ ప్లేయరు పట్టుకున్నాను.

"ఏమండీ, రేపు అమ్మ ప్రోగ్రాం. ఎల్లుండి చెయ్యకూడదూ?" అంది కరుణ.

"చిటికెలో పని! టీవీ వైరుకి టీవీకే తెలియకుండా పెట్టేస్తాను చూడు."

పైగదిలో వైరు కోశాను. రెండు కొసలకూ పిన్నులు తగిలించి మధ్యలో వైరును రెండు దారులు చేసే ఒక చీలిక ముక్క బిగించి, దానికి ఒక డబ్బా తగిలించాను. కింద టీవీ వెనక కూడా అలాగే రెండోది పెట్టాను. ఆహా! పైన ఇంటర్నెట్ ఏం పరుగు తీసిందనుకున్నారు! మరి టీవీ చూసుకోలేదా అంటారా? శనివారం కుటుంబ ప్రార్థన మొదలైతే, ఆదివారం గుడి నుంచి వచ్చేదాకా ఆ ఇంట్లో టీవీ పెట్టరు. పైగా ఆ రోజు ప్రార్థనలో అత్తయ్య, "మా అల్లుడిగారి చేతిపనిని దీవించు తండ్రీ," అన్నారు. ఆ ప్రార్థన కూడా శ్లాబు దాటినట్టు లేదు.

ఆదివారం హాలంతా తెల్లచీరలే. పలావు వాసన వీధి చివరిదాకా. అత్తయ్య పట్టుచీర కట్టుకుని టీవీకి ఎదురుగా కూర్చున్నారు. కరుణ రిమోట్ నొక్కింది. తెర మీద నీలంగా 'సిగ్నల్ లేదు' అని పడింది.

"మబ్బేమైనా పట్టిందా?" అన్నారొకరు.

"చొక్కాలు ఆరేసిన రెండు నిమిషాలకి ఎండిపోతన్నాయి, మబ్బెక్కడిదండీ!" అన్నారింకొకరు.

కరుణ ఫోన్లో ఆ చానల్ పేజీ తెరిచింది. హాల్లోని వైఫైలో అది రెప్పపాటులో వచ్చేసింది. చూస్తే ప్రత్యక్ష ప్రసారం లేదు, ఒక పావురం బొమ్మా, 'ప్రార్థన అవసరతలకు ఫోన్ చేయండి' అనే ముక్కా ఉన్నాయంతే. పక్కింట్లో చూద్దామంటే, "నా మొహం నేను చూసుకోవడానికి ఇంకోళ్ళింటికి వెళ్ళాలా?" అన్నారు అత్తయ్య. ఆ బొంగురు గొంతు ఆ మాట దగ్గర ఇంకాస్త వణికింది.

"ఇది అపవాది ఆటంకమమ్మా, సాతాను పనే. కళ్ళు మూసుకోండి, ప్రార్థన చేద్దాం," అన్నారు పాస్టరమ్మగారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. "ఈ టీవీని బంధించిన దుష్టుణ్ణి ఈ గదిలోంచి ఇప్పుడే వెళ్ళగొట్టు తండ్రీ!"

ఆవిడ ఆమేన్ అనకముందే నేను మేడమెట్లు ఎక్కేశాను.

పైనుంచి షాపతనికి ఫోన్ చేశాను. "బొమ్మ రావట్లేదండీ!"

"స్తంభం దగ్గర వైరు లూజయిందేమో చూడండి సార్."

"ఏ స్తంభం?"

"అదే సార్, వీధిలో డిష్ వైరొచ్చే స్తంభం."

"మాకు స్తంభం మీంచి రాదండీ. మేడ మీద గొడుగు నుంచి వస్తుంది."

"గొడుగా? మరి డిష్ అన్నారేంటి సార్?"

"గొడుగునే కదండీ డిష్ అంటారు!"

"డిష్ అంటే కేబుల్ కనెక్షన్ సార్! మీరు గొడుగని ముందే చెప్పొద్దా?"

అదీ సంగతి. మన వైపు వీధి కేబులూ డిష్షే, మేడ మీది గొడుగూ డిష్షే. అతను తన డిష్ చెప్పాడు, నేను నా డిష్ విన్నాను. కేబుల్ వైరులో టీవీదీ ఇంటర్నెట్టుదీ వేర్వేరు దారులు. గొడుగు వైరులో ఇద్దరిదీ ఒకటే దారి, సందులో ఎదురుపడ్డ రెండు ఆటోల్లాగా. పైగా గొడుగుకు కరెంటు కింద నుంచి అదే వైరులో వెళ్ళాలి. నేను పెట్టిన చీలిక ముక్క దాన్ని కూడా ఆపేసింది.

కరుణ పైకి పరుగెత్తుకొచ్చింది. "ఏం చేశారండీ?"

"డిష్..."

"ముందు అవన్నీ పీకెయ్యండి!"

పీకేశాను. తెగిన కొసలు కలపబోతే లోపలి సన్నటి రాగితీగ పుటుక్కుమంది. మళ్ళీ తోలు ఒలిచి, మళ్ళీ బిగించి, చెమటలు కారుతుండగా కిందికి ఉరికి టీవీ వెనక రెండో డబ్బా కూడా పీకాను. బొమ్మ వచ్చింది! తెర మీద అత్తయ్య! చేతులు జోడించి, "అందరికీ నా వందనాలండీ," అన్నారు. అంతే, కార్యక్రమం అయిపోయింది.

అప్పుడే అత్తయ్య ఫోన్ మోగింది. పామర్రు నుంచి ఆవిడ ఆడపడుచు దీనమ్మగారు. ఆవిడ ఫోన్లో మాట్లాడితే స్పీకరు పెట్టక్కర్లేదు.

"వదినా! వీధి వీధంతా మా ఇంట్లోనే చూశారు! అల్లుడి గురించి ఎంత బాగా చెప్పావే! 'ఇంట్లో ఏది పాడైనా చిటికెలో బాగుచేసే బిడ్డని దేవుడు నాకు అల్లుడుగా ఇచ్చాడు' అన్నావు చూడు, ఏడుపొచ్చేసింది నాకు! పక్కనే ఉన్నాడా? ఏమన్నాడు?"

హాలంతా నా వంక తిరిగింది. నా చేతిలో కటింగ్ ప్లేయరు. భూమి చీలితే దూకేద్దామనిపించింది, కానీ కింద మామగారి పునాది, అదీ చీలదు.

"అత్తయ్యా," అన్నాను, "అపవాది కాదు. నేనే."

ఆవిడ నన్ను చూశారు, ప్లేయరును చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. ఆపరేషన్ అయ్యాక ఆ గొంతుతో ఆవిడ నవ్వగా నేను వినడం అదే మొదటిసారి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సిగ్గుతో కొంత, సంతోషంతో కొంత.

"పోనీ మీ నోటితోనే చెప్పండమ్మా," అన్నారు పాస్టరమ్మగారు. అత్తయ్య లేచి నిలబడ్డారు. టీవీ వాళ్ళు కాసేపే ఇచ్చారు గానీ, ఆ హాల్లో ఆపేవాళ్ళెవరు? మాట లేని ఆ నెలల్లో భయమేస్తే పైనుంచి మా నడక చప్పుడు వింటూ ధైర్యం తెచ్చుకునేదాన్నని చెప్పారు. వైఫై పైకి రాని ఆ శ్లాబులోంచి మా అడుగుల చప్పుడు కిందికి వెళ్తోందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఉన్నట్టుండి ఆవిడ ఆగి నా వంక చూశారు. "ఇక్కడ అల్లుడిగారి గురించి ఒక ముక్క ఉంది. టీవీలో అయితే చెప్పేశాను. ఇప్పుడు మాత్రం చెప్పలేనమ్మా. అబద్ధ సాక్ష్యం అయిపోద్ది."

ఇప్పుడు నా బల్ల కింద హాల్లోనే, ఆవిడ కుర్చీ పక్కనే ఉంది. మీటింగుల్లో నా ముఖం కదులుతోందని మా మేనేజరు ఆశ్చర్యపోయాడు. ఆ ఆదివారం మర్నాడే అత్తయ్య ఎదుట నిలబడి నా తీర్మానం గంభీరంగా వినిపించాను: "ఈ చేతులతో ఇక ఏ వైరూ కోయను, ఏ స్క్రూ తిప్పను. వేలు పెట్టి చూపించకుండా డిష్ అనే మాట ఎత్తను."

"ఆమేన్," అన్నారు అత్తయ్య. అని, కాస్త ఆగి, "బాబూ, పొద్దున్నించీ మిక్సీ తిరగట్లేదు," అన్నారు.

నేను ఆశగా లేచాను.

"కూర్చోండి, కూర్చోండి. మీరు ముట్టుకోవద్దు. ఊరికే ప్రార్థన చెయ్యండి, చాలు."