అక్క ఒక్కపొద్దు, నా పరిజ్ఞానం

నాకొక జబ్బు ఉంది. ఎవరైనా నోట్లో ముద్ద పెట్టుకుంటుంటే ఆ ముద్ద ఏ దేశం నుంచి వచ్చిందో చెప్పకుండా ఉండలేను. వనపర్తిలో మా ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచేసరికి నా చుట్టూ కుర్చీలు ఖాళీ అయిపోతాయి. మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో వచ్చిందనీ, అంతకుముందు మన పెద్దలు కారం కోసం మిరియాలు వాడేవారనీ చెప్పినప్పుడు మొదట్లో ఒకరిద్దరు నోరెళ్ళబెట్టారు. తర్వాత వాళ్ళూ డబ్బాలు పట్టుకుని వరండాలోకి పోయారు. ఈ పరిజ్ఞానమేమీ గ్రంథాలు తిరగేసి సంపాదించింది కాదు. బస్సులో కూర్చుని ఫోనులో పోగుచేసుకున్నది.

ఆ బస్సు గద్వాల్‌కు. అక్కడ మా అక్క ఉంటుంది. నిరుడు బావకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన రోజే అక్క మల్దకల్ దేవుడికి మొక్కుకుంది. దసరా దాకా ఒక్క శనివారం కూడా తప్పకుండా ఒక్కపొద్దు ఉంటుంది, ఆ తర్వాత బావను నడిపించుకుంటూ గుడికి తీసుకుపోతుంది. ఒక్కపొద్దు నాడు అన్నం ముట్టదు. మధ్యాహ్నం ఒక్కసారి సగ్గుబియ్యం ఉప్మా, ఏదో ఒక పండు, అంతే. ఆమెకు షుగర్ కూడా ఉంది, రోజూ గోలీలు మింగాలి. అయినా ఆ ఒక్కపూట తిండితోనే నెట్టుకొచ్చింది. బావ కర్ర పట్టుకుని గడప దాకా వస్తున్నాడు. మొక్కు తీరే రోజు దగ్గరపడింది.

అలాంటి సమయంలో ఒక శనివారం నేను దిగబడ్డాను. బావను వాకిట్లో కాసేపు నడిపించాను. లోపలికి వచ్చేసరికి అక్క పళ్ళెం ముందు కూర్చుని ఉంది. సగ్గుబియ్యంలో ఆలుగడ్డ ముక్కలు, వేయించిన పల్లీలు, పచ్చిమిర్చి, కరివేపాకు. పక్కన జామకాయ ముక్కలు, ఒక సీతాఫలం. చూడగానే నాకు నోరూరింది. తినడానికి కాదు, చెప్పడానికి.

"అక్కా, ఈ పళ్ళెంల మన దేశానిది ఏమన్న ఉందా?"

"అంటే ఏంది?"

చెప్పాను. ఈ సగ్గుబియ్యం కర్రపెండలం నుంచి చేస్తారు, ఆ గడ్డ దక్షిణ అమెరికాది. ఆలుగడ్డ అక్కడిదే. మిర్చి అక్కడిదే. మన పాలమూరు చేలల్లో పండే పల్లీ కూడా అక్కడిదే. జామకాయదీ అదే దారి. సీతమ్మ పేరు పెట్టుకున్న పండు కూడా సముద్రం దాటి వచ్చిందే.

"వేల ఏండ్ల సంది మన నేల మీద పండే బియ్యమేమో ముట్టవు. ఓడలెక్కి వచ్చినవన్ని దేవుని పేరు మీద తింటున్నవ్," అని గొప్పగా నవ్వాను. ఊరటగా ఉంటుందని కరివేపాకు మాత్రం మనదేనని కూడా చెప్పాను.

అక్క నవ్వలేదు. పళ్ళెం పక్కకు జరిపి చెయ్యి కడుక్కుంది.

"గట్లయితే ఇన్ని దినాల నా ఒక్కపొద్దులన్ని చెడిపాయె గద తమ్మీ," అంది. "మొదటి సంది మళ్ల పట్టాలె."

నేను తమాషాకు చెప్పాను. ఆమె తమాషాకు మొక్కలేదు. ఆ సంగతి నా బుర్రకు బస్సెక్కాక తట్టింది. అప్పటికైనా దిగి వెనక్కి పోవాల్సింది. పోలేదు, ఫోనులో టమాటా చరిత్ర చూస్తూ కూర్చున్నాను.

తర్వాతి శనివారం మధ్యాహ్నం బావ ఫోను చేశాడు. మాట ఇంకా పూర్తిగా తిరగలేదు. "బామ్మర్దీ, జర జల్ది రా," అన్నది మాత్రం అర్థమైంది. నేను పోయేసరికి అక్క వంటింట్లో గోడకు ఆనుకుని కూలబడి ఉంది. పొద్దున గోలీ మింగి, ఓడెక్కి రానివని సగం అరటిపండు, రెండు గుక్కల పాలతో సరిపెట్టి, కళ్ళు తిరిగి పడిందట. పక్కింటావిడ అప్పటికే చక్కెర నీళ్ళు తాగించింది. ఆమే డాక్టరుకు ఫోను చేస్తే, ఏదన్నా తినిపించమన్నాడు.

తినదు. నాలుగు వందల ఏళ్ళు మన నేలలో పండినవి ఇంకా పరాయివెట్లా అవుతాయని వాదించాను. "ఆ దినం ఓడలన్నవ్, ఇప్పుడు మనయే అంటున్నవ్. ఏది నిజం?" అంది. బావ మంచం మీద నుంచి నావైపే చూస్తున్నాడు. అంత భయపడ్డ మొహం, ఆయన పడిపోయిన రోజు కూడా నేను చూడలేదు.

"నేను చెప్పిందంత అబద్ధం అక్కా. ఎవడో ఉత్తగ రాస్తే చదివి ఒర్రిన," అన్నాను.

"నిజంగ?"

"నిజంగ."

"అయితే నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు."

పిల్లి ఎదురొస్తే ఆగేవాళ్ళను చూసి నవ్వేవాణ్ణి నేను. మొక్కులన్నా ఒట్లన్నా వెక్కిరించేవాణ్ణి. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చివరికి పెట్టాను. "సగ్గుబియ్యం మనదే. పల్లీలు మనయే. ఆలుగడ్డ, మిర్చి, జామ, సీతాఫలం అన్ని మనయే," అన్నాను. పళ్ళెంలో లేని బొప్పాయిని కూడా ముందుజాగ్రత్తగా కలిపాను.

ఉప్మా నేనే చేశాను. అడుగంటింది. అయినా అక్క మొత్తం తిన్నది. తింటుంటే నాకు ఏడుపొచ్చింది. "ఇగనన్న తెల్వని ముచ్చట్లు చెప్పకు తమ్మీ," అంది. చెప్పనన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను తప్పు ఒప్పుకున్నది ఆ ఒక్కసారే, అదీ నూటికి నూరుపాళ్ళు నిజమైన విషయంలో.

దసరా దాటాక బావ కర్ర పట్టుకుని మల్దకల్ గుడిలోకి నడిచాడు. అక్క ఒక్కపొద్దులు అయిపోయాయి. నావి ఇంకా నడుస్తున్నాయి. ఆమె నెత్తి మీద చేసిన దొంగ ఒట్టు ఆమెకు తగలొద్దని ఆ వారం నుంచే మొదలుపెట్టాను. ఇంట్లో పొట్ట తగ్గడానికని చెప్పాను. శనివారమంతా పాలు, అరటిపండు, అంతే. మా ఆవిడ సగ్గుబియ్యం ఉప్మా చేసిస్తానంటుంది. నాకు ధైర్యం చాలదు. అది ఎక్కడిదో నాకు తెలుసు.